చిన్న ఫ్లైట్‌లో బిజినెస్ క్లాస్: అపోహలు, వాస్తవాలు

"బిజినెస్ క్లాస్ టికెట్ కదండీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చుగా?" టికెటింగ్ కౌంటర్‌లో పనిచేసే నాకు ఈ ప్రశ్న ఎంత అలవాటైపోయిందంటే, ఎదుటి మనిషి "బిజినెస్" అనగానే తర్వాతి మాట ఏమిటో తెలిసిపోతుంది. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఆన్‌లైన్‌లో టికెట్ కొనేసి ఉంటారు, ప్రయాణం ఆ రోజో మర్నాడో ఉంటుంది, రూల్స్ చదవరు, తెలిసినవాళ్ళెవరో "ఏం కాదులే, బిజినెస్ కదా" అన్న మాటే ధైర్యం. గంటా గంటన్నర ఎగిరే ఫ్లైట్లలో ముందు క్యాబిన్ గురించి తిరిగే పుకార్లలో చాలావాటి వల్ల కాస్త నిరాశ తప్ప పెద్ద నష్టం లేదు. ఇది మాత్రం జేబుకు చిల్లు పెడుతుంది. అందుకే ముందు దీని సంగతి పూర్తిగా చెప్పి, మిగతావి త్వరగా ముగిస్తాను.

అపోహ: బిజినెస్ టికెట్ రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కొస్తుంది

రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని తేల్చేది మీరు కూర్చునే సీటు కాదు, మీరు కొన్న ఫేర్, అంటే ఆ ధరా దాని షరతులూ. ఒకే క్యాబిన్‌లో ఒకే వరసలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పూర్తి రిఫండ్ ఉంటుంది, ఇంకొకరికి పైసా రాదు. బిజినెస్ క్యాబిన్‌ను ఎయిర్‌లైన్ ఒకే ధరకు అమ్మదు. జె, సి, డి, ఐ, జడ్ అంటూ బుకింగ్ క్లాసులుగా విడగొట్టి అమ్ముతుంది. చాలా ఎయిర్‌లైన్స్‌లో జె అంటే పూర్తి ధర, సడలింపులు ఎక్కువ. కింది అక్షరాలకు వెళ్ళేకొద్దీ ధర తగ్గుతుంది, షరతులు బిగుసుకుంటాయి. ఇవి ఎయిర్‌లైన్‌ను బట్టి మారతాయి కాబట్టి అక్షరాలు బట్టీ పట్టొద్దు, మీ ఫేర్ రూల్స్ చదవండి. మీ ఈ-టికెట్ మీద ఫేర్ బేసిస్ అని అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక కోడ్ ఉంటుంది, సాధారణంగా దాని మొదటి అక్షరమే మీ బుకింగ్ క్లాస్.

చిన్న రూట్లలో ఈ దెబ్బ ఎక్కువ తగలడానికి కారణం ఉంది. గంట ప్రయాణానికి పూర్తి బిజినెస్ ధర పెట్టేవాళ్ళు తక్కువ. అందుకని ఆ సీట్లు తగ్గించిన ధరకు, గట్టి షరతులతో అమ్ముతారు. వెబ్‌సైట్‌లో ఎకానమీకీ బిజినెస్‌కీ తేడా కొంచెమే కనిపించేసరికి ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని కొనేస్తారు. అంత తక్కువకు వచ్చిందంటేనే రిఫండ్ హక్కు అందులోంచి తీసేశారేమో అని ఒకసారి అనుమానించాలి.

ఫేర్ రూల్స్‌లో పెనాల్టీస్ అనే భాగం వెతకండి. అందులో మార్పుకు ఒక షరతు, రద్దుకు ఒక షరతు, నో-షోకు (చెప్పకుండా ఫ్లైట్ ఎక్కకపోవడానికి) ఒక షరతు ఉంటాయి, మూడూ వేరు. "మార్పు ఉచితం" అని రాసి ఉన్నంత మాత్రాన డబ్బు కట్టక్కర్లేదని కాదు. మార్పు రుసుము లేదంతే, ఫేర్ డిఫరెన్స్, అంటే పాత ధరకూ కొత్త ధరకూ ఉన్న తేడా, కట్టాల్సిందే. మీరు కొన్న క్లాసులో కొత్త తేదీకి సీటు లేకపోతే పై క్లాసు ధర అడుగుతారు, చివరి రోజుల్లో మిగిలేది తరచూ ఆ పై క్లాసే. ఇంకో సంగతి, వెళ్ళే ఫ్లైట్‌కు ఒక ఫేర్, వచ్చే ఫ్లైట్‌కు ఇంకో ఫేర్ కలిపి కొంటే చాలా సందర్భాల్లో రెండింట్లో కఠినంగా ఉన్న రద్దు నిబంధనే మొత్తం టికెట్‌కు వర్తిస్తుంది. ఒక వైపు రిఫండబుల్ అని చూసి ధీమాగా ఉండేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

నో-షో సంగతి అన్నిటికంటే ఘోరం. ఫ్లైట్ బయల్దేరేలోపు రద్దు చేసుకుంటే కొంతైనా మిగిలే టికెట్, చెప్పకుండా మానేస్తే సున్నా అయిపోవచ్చు. ప్రయాణం లేదని తేలిన క్షణమే రద్దు చేయండి, అది నాన్-రిఫండబుల్ అయినా సరే. వాడని ఎయిర్‌పోర్ట్ పన్నులు చాలా టికెట్లలో అడిగితే తిరిగి వస్తాయి, అడగకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

దీనికి అతుక్కునే ఇంకో నమ్మకం ఉంది. పెద్ద ప్రయాణంలో మొదటి ముక్క చిన్న ఫ్లైట్ అయినప్పుడు దాన్ని వదిలేసి కారులోనో రైల్లోనో పెద్ద ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళిపోతే, మిగతా ఫ్లైట్లు మనవే కదా, డబ్బు కట్టేశాం కదా అని. కావు. టికెట్‌లో ఒక్కో ఫ్లైట్‌కు ఒక్కో కూపన్ ఉంటుంది, వాటిని వరసలో వాడాలి. మొదటిది వాడకపోతే సిస్టమ్ మిమ్మల్ని నో-షోగా రాసి మిగతావన్నీ రద్దు చేస్తుంది, తిరుగు ప్రయాణంతో సహా. బిజినెస్ అని మినహాయింపేమీ లేదు.

ఇలా ఇరుక్కున్న ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. భార్యకు మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేరు, కాళ్ళు ముడుచుకుని కూర్చోలేరు. అందుకే కూడబెట్టిన డబ్బుతో ఇద్దరికీ బిజినెస్ కొన్నారు. ముందు చిన్న ఫ్లైట్, ఆ తర్వాత పెద్ద ఫ్లైట్, వచ్చేటప్పుడూ అంతే. ఆ చిన్న ఫ్లైట్‌కు తెల్లవారుజామునే లేవాలని, అల్లుడు కారులో నేరుగా పెద్ద ఎయిర్‌పోర్ట్‌కు దింపాడు. ఆవిడకు సుఖంగా ఉంటుందనే చేశాడు పాపం. టికెట్ మా దగ్గర కొన్నది కాదు, అయినా ఎయిర్‌లైన్ కౌంటర్‌లో వద్దన్నాక ఏం చేయాలో తెలియక నా దగ్గరకు వచ్చారు. బుకింగ్ తెరిస్తే మొదటి ఫ్లైట్ ఎదురుగా నో-షో, మిగతా మూడు ఫ్లైట్లకూ రద్దు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన ప్రింటవుట్ ఉంది, సీటు నంబర్ల కింద పెన్నుతో గీతలు గీసుకున్నారు. "సీట్లు ఉన్నాయి కదమ్మా, ఇదిగో నంబర్లు" అని మళ్ళీ మళ్ళీ ఆ గీతలే చూపించారు. ఆ రోజు వాళ్ళు దొరికిన ధరకు ఎకానమీలో వెళ్ళారు. ముందు రోజు ఎయిర్‌లైన్‌కు ఒక్క ఫోన్ చేసి, మొదటి ఫ్లైట్ తీసేసి టికెట్ రీఇష్యూ (మళ్ళీ కొత్తగా జారీ) చేయమని అడిగి ఉంటే కొంత అదనంగా కట్టాల్సి వచ్చేదేమో, లేదా కుదరదనేవారేమో. కుదరదన్నా కనీసం ఆ తెల్లవారుజాము ఫ్లైటే ఎక్కేవాళ్ళు, నాలుగు కూపన్లూ పోయేవి కావు.

తల పట్టుకుని చదువుతున్నవాళ్ళకు ఊరటనిచ్చే సంగతులూ ఉన్నాయి. రద్దు చేసింది ఎయిర్‌లైన్ అయితే లెక్క మారిపోతుంది. అమెరికాలోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ ఫ్లైట్‌ను ఎయిర్‌లైనే రద్దు చేసి, వాళ్ళు చూపించిన ప్రత్యామ్నాయం మీకు వద్దనుకుంటే, టికెట్ మీద నాన్-రిఫండబుల్ అని ఉన్నా డబ్బు వెనక్కి ఇవ్వాలి. అమెరికాకు వెళ్ళే, అక్కణ్ణుంచి బయల్దేరే ఫ్లైట్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండా అదే ధరకు 24 గంటలు టికెట్ పట్టి ఉంచాలి. తొందరపడి కొన్నామేమో అనిపిస్తే, మీ ప్రయాణానికి ఈ రూల్ వర్తిస్తుందా లేదా అన్నది ఆ రాత్రే చూసుకోండి.

అపోహ: బిజినెస్ అంటే పడుకునే సీటు

పెద్ద ఫ్లైట్ల ఫొటోలు చూసి వచ్చే ఆశ ఇది. యూరప్‌లోని చిన్న రూట్లలో చాలా ఎయిర్‌లైన్స్ బిజినెస్ అంటే ఎకానమీ సీటే, మధ్య సీటు ఖాళీగా వదిలేస్తారు, వెనక ఒక కర్టెన్ ఉంటుంది. ఆ రోజు అమ్ముడైన టికెట్లను బట్టి కర్టెన్‌ను ముందుకో వెనక్కో జరుపుతారు. కాళ్ళ దగ్గర చోటు పెద్దగా పెరగదు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుని కొనాలి. అమెరికాలో అలా కాదు. అక్కడ దేశీయ ఫ్లైట్లలో ముందు క్యాబిన్‌ను ఫస్ట్ క్లాస్ అంటారు, 76 సీట్ల చిన్న జెట్ ఎంబ్రేయర్ 175లో ముందు 12 ఫస్ట్ క్లాస్ సీట్లు ఒక పక్క ఒకటి, ఇంకో పక్క రెండు చొప్పున ఉంటాయి. వెడల్పైన మంచి సీట్లు, కానీ మంచంలా పరుచుకోవు. పెద్ద విమానం చిన్న రూట్‌లో తిరిగితే పడుకునే సీటు దొరకొచ్చు. కొనేముందు విమానం పేరు చూడండి, అదీ చివరి నిమిషంలో మారొచ్చు.

ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్ 72 అయితే సంగతే వేరు. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనక ఉంటుంది, ముందు భాగంలో కాక్‌పిట్‌కూ సీట్లకూ మధ్య సామాను పెడతారు. ముందు వరస కోసం అదనంగా కట్టినవాళ్ళు దిగేటప్పుడు అందరికంటే చివర దిగుతారు. కనెక్షన్‌కు టైమ్ తక్కువగా ఉంటే ఏటీఆర్‌లో వెనక సీటే అడగండి.

అపోహ: మొత్తం టికెట్ బిజినెస్ అని ఉంది, కాబట్టి అన్ని ఫ్లైట్లూ బిజినెస్సే

సైట్లు పెద్ద ఫ్లైట్ క్యాబిన్‌ను పైన పెద్దక్షరాల్లో చూపిస్తాయి, చిన్న ఫ్లైట్ ఎకానమీ అన్న ముక్క కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. చిన్న విమానంలో అసలు బిజినెస్ క్యాబినే ఉండకపోవచ్చు. ప్రీమియం ఎకానమీ (ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య తరగతి) కొన్నవాళ్ళకైతే చిన్న ముక్క చాలావరకు మామూలు ఎకానమీయే. డబ్బు కట్టేముందు ప్రతి ఫ్లైట్ వివరాలూ విడిగా తెరిచి చూడండి.

అపోహ: బిజినెస్ టికెట్ ఉంటే లాంజ్ ఉన్నట్టే

యూరప్ చిన్న రూట్లలో సాధారణంగా ఉంటుంది. అమెరికా దేశీయ ఫస్ట్ క్లాస్‌లో ఆ టికెట్ ఒక్కదానితో సాధారణంగా లాంజ్ రాదు. లాంజ్ కోసమే బిజినెస్ కొనేవాళ్ళు ముందు ఎయిర్‌లైన్ సైట్ చూడండి, ఎవరి మాటా నమ్మొద్దు, నా మాటతో సహా, ఎందుకంటే ఇవి ఎయిర్‌పోర్ట్‌ను బట్టి కూడా మారతాయి.

అపోహ: బాగా తయారై వెళ్ళి నవ్వుతూ అడిగితే అప్‌గ్రేడ్ ఇస్తారు

ఇది ఎవరు పుట్టించారో కానీ చావదు. వెనక సీట్లు నిండిపోతేనే ఎవరినైనా ఊరికే ముందుకు పంపుతారు, ఎవరిని పంపాలన్నది లాయల్టీ స్టేటస్ (ఆ ఎయిర్‌లైన్‌లో తరచూ ఎగిరేవాళ్ళకిచ్చే హోదా), ఫేర్ చూసి వేసిన లిస్టు చెబుతుంది. గేట్ దగ్గర ఉన్న మనిషి దయాదాక్షిణ్యాలకు అక్కడ చోటు తక్కువ. బిడ్ వేసో (ఇంత ఇస్తామని మనమే ధర చెప్పి), నేరుగా డబ్బు కట్టో అప్‌గ్రేడ్ తీసుకున్నా, చాలా ఎయిర్‌లైన్స్‌లో రద్దు షరతులు పాత టికెట్‌వే ఉంటాయి, బ్యాగేజీ కూడా పెరగకపోవచ్చు.

అపోహ: ముందు క్యాబిన్‌లో ఉంటే బ్యాగ్ పైనే పెట్టుకోవచ్చు, ఆలస్యమైనా ఆగుతారు

చిన్న జెట్లలో పైన అరలు చిన్నవి, మామూలు చక్రాల పెట్టె పట్టదు, విమానం పక్కనే తీసుకుని కింద సామాను అరలో పెడతారు, ముందు సీటైనా అంతే. అలా ఇచ్చేటప్పుడు మందులు, పాస్‌పోర్ట్, పవర్ బ్యాంక్ బయటకు తీసి చేతిలో పెట్టుకోండి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు కింద సామానులోకి వెళ్ళకూడదు. ఆలస్యం విషయానికొస్తే, మీ క్యూ చిన్నదవుతుంది తప్ప గేట్ మూసే సమయం మీ కోసం మారదు.

అపోహ: ముందు కూర్చుంటే కుదుపులు ఉండవు

విమానం అంటే భయపడేవాళ్ళు ఈ ఒక్క కారణంతో బిజినెస్ కొనడం చూస్తుంటాను, వాళ్ళను చూస్తే జాలేస్తుంది, ఆ టెన్షన్ నిజమైనదే. కానీ విమానం మొత్తం ఒకే గాలిలో ఎగురుతుంది. తోకవైపు కంటే ముందు కాస్త తక్కువ ఊగవచ్చు, అందరికంటే తక్కువ ఊగేది రెక్కల మీద వరసలు. చాలా విమానాల్లో అవి ఎకానమీలోనే ఉంటాయి. చెక్-ఇన్‌లో సీటు మ్యాప్ తెరిచి రెక్క పక్కన వరస ఎంచుకోండి. ఎక్కగానే క్రూతో భయం ఉందని చెప్పండి, వాళ్ళు తప్పుగా అనుకోరు, కుదుపులు వస్తాయని ముందే తెలిస్తే మధ్యలో వచ్చి పలకరిస్తారు కూడా.

అపోహ: బిజినెస్ కొన్నాక ఎకానమీలోకి దింపితే చేసేదేమీ లేదు

ఉంది. విమానం మారి ముందు సీట్లు తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం 1500 కిలోమీటర్లలోపు ఫ్లైట్‌కు టికెట్ ధరలో 30 శాతం 7 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. ఆ శాతం మొత్తం ప్రయాణం మీద కాదు, కిందికి దింపిన ఆ ఒక్క ఫ్లైట్ ధర మీద లెక్క. చాలామంది గేట్ దగ్గర కొత్త బోర్డింగ్ పాస్ తీసుకుని పాతది అక్కడే వదిలేస్తారు. వదలొద్దు, రెండింటికీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, సీటు ఎందుకు మారిందో వాళ్ళ చేత మెయిల్‌లోనో కాగితం మీదో రాయించుకోండి. మా దగ్గరకు ఆ రెండు ఫొటోలతో వచ్చేవాళ్ళ క్లెయిమ్ పెట్టడం చాలా సులువు.