అంబలి తాగేవోళ్ళకి కడుపు క్యాన్సర్ రాదా? అపోహలు - వాస్తవాలు

మొన్న పలాస వైపు నుంచి ఒకావిడ వచ్చారు, యాభై దాటాయి, జీడిపిక్కల పనికెళ్తారు. ఎనిమిది నెలలుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతాది, సాయంత్రానికి వాంతి. ఊళ్ళో డాక్టరు గారు గ్యాస్ అన్నారట, మందుల షాపులో కూడా గ్యాస్ అనే బిళ్ళలిచ్చారట. జాకెట్లన్నీ వదులైపోయాయని రెండుసార్లు కుట్టించుకున్నారు గానీ బరువు తగ్గుతున్నానని మాత్రం అనుకోలేదు. ఎండోస్కోపీ చేద్దామమ్మా అంటే ఆవిడ అన్న మాట, "మేం కష్టం చేసుకునీవోళ్ళం బావూ, చోడి (రాగి) అంబలి తాగీవోళ్ళం, మాకెందుకొస్తాది ఆ పెద్ద రోగం, అది డబ్బున్నోళ్ళకి కదా". కెమెరా లోపలికి పెడితే ముందురోజు పొద్దున తిన్న మెతుకులు అలాగే ఉన్నాయి, కడుపు కింది భాగం గడ్డతో మూసుకుపోయింది.

ఈ మాట శ్రీకాకుళంలో ప్రాక్టీస్ పెట్టినప్పటి నుంచీ వింటున్నాను, ప్రతిసారీ నాకు మంటే. రోగుల మీద కాదు, ఈ మాట పుట్టించి ప్రచారం చేసేవాళ్ళ మీద.

అపోహ: కడుపు క్యాన్సర్ బిర్యానీలు తినే పెద్దోళ్ళ జబ్బు.

వాస్తవం: ఉల్టా. కడుపు మధ్య భాగం, కింది భాగంలో వచ్చే క్యాన్సర్, అంటే ఎక్కువగా కనిపించే రకం, చాలా దేశాల లెక్కల్లో చదువూ ఆదాయమూ తక్కువున్న ఇళ్ళల్లోనే ఎక్కువ. అన్నవాహిక కడుపులో కలిసే చోట వచ్చే రకానికి మాత్రం ఊబకాయం, ఏళ్ళ తరబడి ఉండే పుల్లతేన్పులు కారణాలు, అందుకని డబ్బున్నోళ్ళు కూడా మాకేం కాదనుకోకూడదు. కానీ మన జిల్లాలో నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేది కూలి జనమే.

పేదరికం నేరుగా క్యాన్సర్ తేదు, దాంతోపాటు వచ్చేవి తెస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైంది హెచ్ పైలోరీ బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని, క్యాన్సర్ తెస్తాయని ఖాయంగా తేలిన వాటి జాబితాలో పెట్టింది, దీన్ని కనిపెట్టినందుకు మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ వచ్చింది. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకుంటాది, ఇరుకు ఇల్లు, మంచి నీళ్ళు లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం దీనికి దారి. ఒకసారి చేరితే మందు వాడకపోతే చాలామందిలో జీవితాంతం ఉండిపోతాది, కడుపు లోపలి పొరని పది ఇరవై ఏళ్ళపాటు మెల్లగా పాడు చేస్తాది.

అంటే ఇప్పుడు మన బ్యాంకులో ఎంతుందన్నది కాదు, ఐదేళ్ళ వయసులో ఏ ఇంట్లో పెరిగామన్నదీ లెక్కే. ఇది నాకు నా ఒంట్లోనే తెలిసింది. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో ఏడుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం, ఒక కుండ, ఒక చెంబు, ఆ చెంబుతోనే అందరం తాగడం, అమ్మ ముద్ద నమిలి మా చెల్లి నోట్లో పెట్టడం, అప్పట్లో అందరిళ్ళల్లోనూ అంతే కదా. పీజీలో ఉండగా నాకు ఎండోస్కోపీ చేస్తే హెచ్ పైలోరీ పాజిటివ్ వచ్చింది, తర్వాత మా అన్నయ్యకీ వచ్చింది. పద్నాలుగు రోజులు మందులు వాడాం, మళ్ళీ టెస్ట్ చేయించి పోయిందని చూసుకున్నాం. అందుకే "మేం ఆర్వో నీళ్ళు తాగుతాం డాక్టరుగారూ" అని ఎవరైనా ఉద్యోగస్తులు అంటే, మీ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవారండీ అని అడుగుతాను.

ఇది చదివి కంగారు పడేవాళ్ళుంటారని తెలుసు, వాళ్ళకోసం చెప్తున్నా. ఈ బ్యాక్టీరియా ఉన్న వందమందిలో క్యాన్సర్ దాకా వెళ్ళేది ఒకరి నుంచి ముగ్గురే. రిపోర్ట్ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, అది వచ్చినవాళ్ళకి కంచం వేరు పెట్టక్కర్లేదు. కాకపోతే అమ్మా నాన్నా అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చుంటే మీరు ఈ టెస్ట్ తప్పకుండా చేయించుకోండి.

మిగతా కారణాలు ఉప్పు, పొగ. మనకి నెత్తళ్ళు లేని పులుసు ఉండదు, ఎండు చేపలు మానేయమని నేను అనను, పేదింట్లో అదే మాంసకృత్తులు, నానబెట్టి రెండు మూడు నీళ్ళు కడిగి ఉప్పు వదిలించి వండుకోండి, ఊరగాయతోనే పూటలు గడపకండి. చుట్ట, బీడీ కడుపుకీ చేటే, మన మామ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అయితే అంగిట్లో క్యాన్సర్ కూడా తెస్తాది.

ఇంక ప్రాణం తీసే సంగతి గ్యాస్ బిళ్ళ. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మంచి మందులే, నేనూ రాస్తాను. కానీ పుండు క్యాన్సర్‌దైనా ఈ బిళ్ళకి కొన్నాళ్ళు నొప్పి తగ్గుతాది, ఒక్కోసారి పైకి మానినట్టు కూడా కనపడుతాది, దాంతో గ్యాసే అని నమ్మకం కుదురుతాది, నెలలు పోతాయి. తొలి దశలో దొరికితే జపాన్లో వందలో తొంభై మందికి పైగా ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. మన దగ్గర చాలామంది ముదిరాకే వస్తున్నారు, ఎందుకంటే ఒక రోజు కూలి పోతాది, తోడొచ్చేవాళ్ళ కూలీ పోతాది, బస్సు ఛార్జీలు. ఈ బాధ నాకు తెలుసు. కానీ బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, కొంచెం తినేసరికి నిండిపోతున్నా, వాంతులు ఆగకపోయినా, రక్తం తగ్గిందన్నా, తారులాగ నల్లటి విరేచనం అవుతున్నా ఇంకో స్ట్రిప్పు కొనకండి, ఎండోస్కోపీకి రండి. ఐరన్ బిళ్ళలు వాడితే కూడా విరేచనం నల్లగా అవుతాది, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తా. కారం తింటే క్యాన్సర్ వస్తాదా అంటే, కారం కంటే ఉప్పు గురించి భయపడండి. టెస్ట్ కోసం గడ్డలోంచి ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకిపోతాది అన్నది పచ్చి అబద్ధం, ముక్క తీయకుండా క్యాన్సర్ అని ఎవరూ తేల్చలేరు. వంశంలో లేదు కాబట్టి రాదు అన్నదీ తప్పే, చాలామందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. డబ్బులేక వైద్యం ఆపక్కర్లేదు, క్యాన్సర్ వైద్యం ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ముంబై దాకా వెళ్ళక్కర్లేదు.

జీడిపిక్కల ఆవిడకి బైపాస్ ఆపరేషన్ అయింది, అంటే గడ్డని అలాగే వదిలి తిండి పక్కదారిలో పేగులోకి దిగేలా చేశారు, ఇప్పుడు జావ దిగుతోంది, కీమో మొదలుపెట్టారు. చెన్నైలో ఉన్న కొడుకు వచ్చి, ఆర్నెల్ల ముందు తీసుకొస్తే ఏమయ్యేదండీ అని అడిగాడు. గడ్డ మొత్తం తీసేసే అవకాశం ఉండేదేమో అన్నాను.

ఎండోస్కోపీ ఐదు పది నిమిషాల పని, రాత్రి భోజనం తొందరగా ముగించి పొద్దున ఏమీ తినకుండా మొదటి బస్సుకి వచ్చేయండి, మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోవచ్చు. ఇన్నాళ్ళూ వాడిన బిళ్ళల ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచీలో వేసి పట్టుకురండి.