చక్రాలకెక్కిన కావడి

మట్టి పనిలో తవ్వడం కష్టమే. కానీ తవ్వినదాన్ని ఎత్తి, మోసి, పారబోసి, ఖాళీ తట్టతో తిరిగి రావడానికి పట్టే పొద్దు అంతకంటే ఎక్కువ. గొయ్యి లోతయ్యేకొద్దీ పలుగు పట్టేవాళ్ల కన్నా మోసేవాళ్లే ఎక్కువ కావాలి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో కాలవలు, రేవులు, ఆ తర్వాత రైలు దారులు కట్టినవాళ్లను వదలకుండా వెంటాడిన లెక్క ఇదే.

1818 జనవరి 2న లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని కెండల్ కాఫీ హౌస్‌లో కొందరు కుర్ర ఇంజనీర్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్. వాళ్లను కూడగట్టినవాడు హెన్రీ రాబిన్సన్ పామర్. శాస్త్రం తెలిసినవాడికీ చేత్తో పని చేసేవాడికీ మధ్య ఇంజనీరు దుభాషి లాంటివాడనీ, ఇద్దరి భాషా అతనికి రావాలనీ ఆ రోజు చెప్పాడు. 1820లో థామస్ టెల్ఫర్డ్ అధ్యక్షుడయ్యాక సమావేశాలకు బరువొచ్చింది. సభ్యులు తమ పనుల గురించి రాసి తేవాలనీ, చర్చలను కాగితం మీద పెట్టాలనీ ఆయన కోరాడు. ఒక గట్టు ఎందుకు జారిందో ఇంకోచోట గట్టు వేసేవాడికి తెలియాలంటే అంతకు మించిన దారి లేదు.

పామర్ 1821లో ఒంటిపట్టా దారికి పేటెంటు తీసుకున్నాడు. మన కావడిని తలుచుకుంటే అది వెంటనే అర్థమవుతుంది. వరసగా గుంజలు పాతి, వాటి మీద పలకను అంచున నిలబెట్టి, పైన ఇనప పట్టీ వేస్తారు. పట్టీ మీద చక్రాలు నడుస్తాయి. చక్రాలకు అటొకటి ఇటొకటి పెట్టెలు వేలాడతాయి. బరువంతా పట్టా కన్నా కిందే ఉంటుంది కాబట్టి బండి తిరగబడదు. గుర్రం పక్కన నేల మీద నడుస్తూ తాడుతో లాగుతుంది. తాడు పొడుగ్గా ఉండాలి. పొట్టిదైతే లాగుడు పక్కకు పోయి చక్రపు అంచు పట్టాను రాస్తుంది. ఎగుడుదిగుడు నేలైతే గుంజల ఎత్తు మార్చుకుంటే చాలు, నేలను చదును చేయక్కర్లేదు. 1825లో చెషంట్ దగ్గర లీ నది దాకా ఇటుకలు మోయడానికి ఇలాంటి దారి వేశారు.

అయినా ఇది మట్టి పనికి నిలవలేదు. కావడికున్న ఇబ్బందే దీనికీ ఉంది: ఒక పెట్టె బరువెక్కితే బండి అటు ఒరుగుతుంది, కాబట్టి రెండు వైపులా సమానంగా నింపాలి, సమానంగా దించాలి. అడ్డంగా బాట వస్తే అక్కడి పట్టాను గేటులా తెరవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉందని నా అభిప్రాయం. తవ్వే చోటు రోజూ ముందుకు జరుగుతుంది. నేల మీద పరిచిన మామూలు పట్టాలను గడ్డపారలతో పక్కకు నెట్టుకోవచ్చు. పాతిన గుంజలను పీకి మళ్లీ పాతడమంటే మరో పని.

రైలు దారి కోసం ఎత్తైన నేలను చీల్చి తవ్వే లోతైన కోతల్లో మామూలు పట్టాలూ సరిపోలేదు. 1830ల్లో ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్సన్ లండన్–బర్మింగ్‌హామ్ రైలు దారి వేస్తున్నప్పుడు ట్రింగ్ దగ్గర రెండున్నర మైళ్ల కోత తవ్వాల్సి వచ్చింది. నిట్టనిలువు వాలు మీద పలకలు పరిచారు. ఒంటిచక్రపు తోపుడు బండికి ఒక తాడు, ఆ బండిని పట్టుకున్న మనిషి నడుం పట్టీకి ఒక తాడు. రెండూ పైనున్న కప్పీ మీదుగా గుర్రానికి. గుర్రం నడిస్తే మట్టితో నిండిన బండీ మనిషీ కలిసి పైకొస్తారు. మనిషి చేసేది బండిని పలక మీద నిలబెట్టడమే. వానకు పలక బురదైతే కాలు జారుతుంది. గుర్రం ఒక్క అడుగు తడబడితే తాడు వదులై బండి తూలుతుంది. అప్పుడు బండిని ఒక పక్కకు నెట్టి, తను రెండో పక్కకు దూకడం తప్ప గత్యంతరం లేదు. దిగేటప్పుడు బండిని వెనకేసుకుని దిగేవాళ్లు.

మన దగ్గర పట్టాల మొదటి పని కూడా రాళ్లు మోయడమే. 1837లో మద్రాసు రెడ్‌హిల్స్ నుంచి రోడ్ల రాళ్లు తేవడానికి దారి వేశారు. దాని వెనకున్నవాడు ఆర్థర్ కాటన్. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైనప్పుడు ఆయన పద్ధతి అదే. రాళ్ల గని పక్కనే ఉంది. కొండ నుంచి ఒడ్డుదాకా పట్టాల మీద బళ్లు, అక్కడి నుంచి గోదావరి పాయల మీదుగా పడవలు. ఆనకట్ట 1852కల్లా పూర్తయింది.