చిలీలో రాజ్మా వేస్తే తప్పా?

టెక్సాస్‌లో ‘చిలీ’ అంటే ఒక్క మిరపకాయే కాదు. ఎండుమిర్చి ముద్దలో గంటల తరబడి ఉడికిన బీఫ్ కూరనూ అలాగే పిలుస్తారు. 1977లో ఆ రాష్ట్ర శాసనసభ దాన్ని అధికారిక వంటకంగా ప్రకటించింది. అందులో రాజ్మా లాంటి గింజలు పడ్డాయంటే మాత్రం గొడవే. టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్లో 1967లో చిలీ పోటీలు మొదలయ్యాయి. చిలీ అప్రిసియేషన్ సొసైటీ అక్కడ నడిపే పోటీలో గింజలు, అన్నం, పాస్తా నిషేధం. అదే ఒహాయోలోని సిన్సినాటిలో దాల్చినచెక్క వాసనతో పల్చగా వండి, స్పగెట్టీ మీద పోసి ఇస్తారు. గింజలు అడిగితే అవీ వేస్తారు.

డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్లు చిలీ వండబోయి మొదట బోల్తా పడేది కారం దగ్గర. రెసిపీలో ‘నాలుగు టేబుల్ స్పూన్ల చిలీ పౌడర్’ అని ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న గుంటూరు కారం అంత వేస్తే ఆ పూట ఎవరూ తినలేరు. అక్కడి పొడిలో జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కూడా కలిసి ఉంటాయి. టెక్సాస్ వంటవాళ్లు ఇష్టపడే ఆంచో మిర్చి ఘాటు స్కోవిల్ కొలతలో 1,000 నుంచి 2,000 మాత్రమే. మన తేజ మిర్చి దానికి పదుల రెట్లు. ఘాటు తక్కువ కాబట్టే ఆంచోను గుప్పెళ్లకొద్దీ నానబెట్టి రుబ్బుతారు. రంగు, వాసన, గుజ్జు చిక్కదనం అన్నీ ఆ ముద్ద నుంచే. దానికి బదులు మన మిర్చి వాడాలంటే నా ఓటు వరంగల్ చపాటాకి. ఎర్రగా ఉంటుంది, పెద్దగా మండదు.

మాంసం విషయంలో అంత తగాదా లేదు. భుజం దగ్గరి గట్టి ముక్కలే కావాలి. వాటిలోని కొల్లాజెన్ రెండు మూడు గంటల సన్నని మంట మీద జెలటిన్‌గా కరిగి, గుజ్జుకు జిగురునిస్తుంది. మిగిలిన చిలీ ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ అందుకే.

గింజల దగ్గరే అసలు చిక్కు. అది పౌరుషానికి సంబంధించిన వ్యవహారమని టెక్సాస్‌వాళ్లు అనుకోవచ్చు గానీ, పప్పు వండే ప్రతి ఇంట్లోనూ దానికి జవాబుంది. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఉడకదని మనకు తెలుసు. గింజ కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. పులుపు తగిలితే అది త్వరగా కరగదు. బోరు నీళ్లలోని కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది. చిటికెడు వంట సోడా దీనికి విరుగుడు, అందుకే మొండి పప్పుకు సోడా వేస్తారు. చిలీలో టమాటా పడితే రాజ్మాకూ ఇదే గతి. మాంసం విడిపోయే వేళకు కూడా గింజ పంటికి తగులుతుంది. (టమాటా వేయవచ్చా అన్నది టెక్సాస్‌లో ఇంకో పెద్ద పంచాయితీ.)

ఇంకో సంగతి రుచికి మించింది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లనిస్తే పోతుంది. అరగంట అయితే ఇంకా నయం. అమెరికా ఇళ్లలో ఉండే స్లో కుక్కర్ (గంటల తరబడి నెమ్మదిగా వండే కరెంటు గిన్నె) అంత వేడి ఎక్కకపోవచ్చు. ఉడికీ ఉడకని గింజలు తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బాలో వచ్చే గింజలు ముందే ఉడికినవి కాబట్టి ఆ టెన్షన్ లేదు.

నేనైతే రాజ్మాను విడిగా ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, చివరి అరగంటలో కలుపుతాను. టెర్లింగ్వా పోటీకి ఆ గిన్నె పట్టుకెళ్తే మూత తీయగానే వెనక్కి పంపేస్తారు.