స్లాబు దాటితే జీతమంతా పన్నుకే పోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మార్చి మొదటి వారంలో ఒక ఫోన్. జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు, ఏడేళ్ళుగా మా ఆఫీసులోనే రిటర్న్ వేస్తున్నాడు. "సార్, నాకు రావాల్సిన బోనస్ యాభై వేలు ఏప్రిల్‌కి జరపమని హెచ్ఆర్‌కి మెయిలు పెట్టాను. అన్నీ పోను 24 లక్షల దగ్గర ఆగాను కదా, ఇది కలిస్తే 30 శాతంలోకి పడతాను" అన్నాడు. పడితే ఏమవుతుందన్నాను. "ఏడు లక్షల ముప్పై అయిదు వేలు కట్టాలి కదా సార్!"

24,50,000ని 30 శాతంతో గుణించేశాడు, అంతే. ఎం.ఫార్మసీ చదివినవాడు, బ్యాచ్ లెక్కల్లో మిల్లీగ్రాము తేడా రానివ్వనివాడు. ఇరవయ్యేళ్ళుగా వింటున్న మాటే అయినా వినగానే చిరాకు వస్తుంది. అతని గొంతులో కంగారు విన్నాక ఆ చిరాకు నిలవలేదు.

కాగితం తీసుకోమన్నాను. పన్ను లెక్కకి పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి, ఇతనిది కొత్త విధానం, 2025-26 రేట్లు. మొదటి 4 లక్షలకి సున్నా. 4 నుంచి 8 దాకా 5 శాతం, అంటే 20 వేలు. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40 వేలు. 12 నుంచి 16కి 15 శాతం, 60 వేలు. 16 నుంచి 20కి 20 శాతం, 80 వేలు. 20 నుంచి 24కి 25 శాతం, లక్ష. కూడితే 3 లక్షలు. ఇక 30 శాతం పడేది ఆ పైనున్న 50 వేలకే: 15 వేలు, సెస్సుతో (పన్ను మీద పడే చిన్న అదనపు పన్ను) 15,600. "మిగతా 34,400 మీవే. ఏప్రిల్‌కి జరపమని రాసిచ్చింది ఆ డబ్బునే" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

పై స్లాబు రేటు పైనున్న ముక్కకే. కింది ముక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి రేటు మారదు. ఇది తెలియక ఇంక్రిమెంటు వద్దన్నవాళ్ళని, ఓవర్‌టైమ్ మానేసినవాళ్ళని, భార్య ట్యూషన్లు ఆపించినవాణ్ణి కూడా చూశాను. (ఆవిడ ఆదాయం ఆవిడది, ఈయన స్లాబుతో దానికి సంబంధమే లేదు. అది వేరే గోల.)

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకో అనుమానం ఉంది. కరెంటు బిల్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, 201 తిరిగిందా మొత్తం యూనిట్లకీ కట్టాల్సిందే. మా ఆఫీసు ఊడ్చే ఆమె నెలాఖరులో మీటరు చూసుకుని ఫ్యాను కట్టేస్తుంది. ఆమె లెక్క తప్పు కాదు, అక్కడ గీత దాటితే నిజంగానే అంతా పోతుంది. అదే భయాన్ని ఆదాయపన్నుకి తెచ్చి అంటగట్టడమే తప్పు.

అయితే ఆదాయపన్నులోనూ అలాంటి గీత ఒకటుంది. అందుకే ఈ పుకారు చావదు. కొత్త విధానంలో 12 లక్షల లోపు అయితే రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల పన్ను సున్నా. జీతగాళ్ళకి లెక్కకి ముందే తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలుపుకుంటే 12.75 లక్షలు. మొన్న ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టే వేళ నల్గొండ నుంచి ఒక స్కూల్ అసిస్టెంట్ వచ్చారు. డిడక్షన్ పోను 11,90,000. సరెండర్ లీవు (వాడుకోని సెలవులకి ఇచ్చే డబ్బు) 45 వేలు రావాలి. "అది తీసుకుంటే అరవై ఏడు వేలు పన్నంట గదా సార్, చేతి నుంచి ఎదురు పెట్టుకోవాల్నా?" అన్నారు. స్టాఫ్ రూములో ఎవరో లెక్కేసి ఇచ్చారట. లెక్క సగం సరిగ్గానే ఉంది, మార్జినల్ రిలీఫ్ మర్చిపోయారు, అంటే గీత దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా ఇచ్చే ఊరట. 12 లక్షలు దాటిన మొత్తం 35 వేలు కాబట్టి పన్ను 35 వేలకి మించదు. సెస్సుతో 36,400. ఎదురు పెట్టుకోవడం లేదు, కానీ 45 వేలలో మిగిలేది 8,600. ఉన్నమాట చెప్పాలి కదా, 12 లక్షల నుంచి సుమారు 12 లక్షల 70 వేల దాకా ఉన్న ఆ సందులో పైన వచ్చిందంతా పన్నుకే పోతుంది. బిల్లు ఇంకా పెట్టలేదు కాబట్టి, తొందర లేకపోతే వచ్చే ఏడాది చూసుకోండి అనే చెప్పాను. ఆ సందు దాటాక మళ్ళీ మామూలు మెట్లే.

పాత విధానంలో ఉన్నవాళ్ళు మాత్రం 5 లక్షల దగ్గర నిజంగా జాగ్రత్తపడాలి. అక్కడ ఆ రిలీఫ్ లేదు. పది రూపాయలు ఎక్కువైనా 13 వేలు కట్టాల్సిందే.

ఇక "కష్టపడి సంపాదించేవాణ్ణి శిక్షిస్తారా, అందరికీ ఒకే శాతం పెట్టొచ్చుగా" అనే వాదన. చేసేవాళ్ళలో చాలామంది తాము 30 శాతం కడుతున్నామనే అనుకుంటున్నారు. పన్ను పడే ఆదాయం 13 లక్షలైతే సెస్సుతో 78 వేలు, సరిగ్గా 6 శాతం. 30 లక్షలైతే 4,99,200, అంటే 17 శాతం కూడా కాదు. కోటి వచ్చేవాడు సర్‌ఛార్జితో (పెద్ద ఆదాయాలవాళ్ళకి పన్ను మీద పడే అదనపు పన్ను) కలిపి సుమారు 29.5 లక్షలు కడతాడు. ఎక్కువ వచ్చేవాడు ఎక్కువ వాటా ఇవ్వడం న్యాయమనే నా మతం. 13 లక్షలవాడి దగ్గర ఇంకో లక్ష గుంజితే పిల్లవాడి ఫీజు ఆగుతుంది. కోటివాడికి ఆగేదేమీ ఉండదు. పైగా సబ్బు మీద జీఎస్టీ ఆటోవాడికీ కోటీశ్వరుడికీ ఒకటే. వచ్చినదాన్ని బట్టి వాటా పెరిగే పెద్ద పన్ను ఆదాయపన్నే. దీనికీ హద్దుండాలని ఒప్పుకుంటాను. 1973-74లో సర్‌ఛార్జి కలిపి పై మెట్టు 97.75 శాతం! రూపాయిలో రెండు పైసలు మిగిలితే ఎవడు నిజం చెప్తాడు? తరవాత దించుకుంటూ వచ్చి, 1997లో 10, 20, 30 చేశారు.

మిగతావి గబగబా. టీడీఎస్ (జీతం ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోశారు కాబట్టి పని అయిపోలేదు, అది అడ్వాన్సు మాత్రమే, రిటర్న్ వేయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గానీ, మిగతా ఆదాయం రేటు లెక్కలో దాన్ని కలుపుతారు, దాచకండి. షేర్ల లాభానికి ప్రత్యేక రేట్లున్నాయి, కొత్త విధానంలో ఆ పన్నుకి 12 లక్షల రిబేటు వర్తించదు. ఈ ఏడాది ఇది తెలియక నా దగ్గరికి వచ్చి ఏడ్చినంత పనిచేసిన కుర్రాళ్ళున్నారు. 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి ఉంటుంది, అక్కడా మార్జినల్ రిలీఫ్ ఉంది.

మన మేనేజరు మర్నాడే హెచ్ఆర్‌కి ఇంకో మెయిలు పెట్టి బోనస్ మార్చిలోనే తీసుకున్నాడు. అసలు చెల్లించాల్సిన తేదీ వచ్చేసిన జీతాన్ని ఏప్రిల్‌లో తీసుకున్నా పన్ను ఈ ఏడాదే పడుతుందని చెప్తే ఇంకో రెండు నిమిషాలు మౌనం. ఇంతకీ ఈ 30 శాతం ముచ్చట చెప్పిందెవరని అడిగాను.

"మా బావగారు సార్. బ్యాంకులో చేస్తారు."

ఆ బావగారు మొన్న ఫోన్ చేశారు. ఆయన కూడా ప్రమోషన్ వద్దని రాసిచ్చేశారట.