బిందె ఉందా బాబూ అనడిగింది

చల్లపల్లి,
సెప్టెంబరు, 2024

చిన్నా, బుజ్జీ,

విజయవాడ సింగ్‌నగర్ వరద బాధితుల కోసం మీరిద్దరూ అపార్ట్‌మెంట్‌లో గడప గడపకీ తిరిగి పాత బట్టలు పోగేశారట. నాలుగు మూటలయ్యాయని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వింటుంటే నా కళ్ళు చెమర్చాయి. బుడమేరు వాగు నీళ్ళు మీ పటమట దాకా రాలేదు. అయినా మీరు తలుపులేసుకుని ఇంట్లో కూర్చోలేదు. అంతకన్నా ఏం కావాలి నాకు?

అయితే ఆ మూటలు ఆటో ఎక్కించేలోపు ఈ ఉత్తరం ఒక్కసారి చదవండి.

1977 నవంబరు 19, శనివారం. నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ సాయంత్రం దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం సుమారు అయిదు మీటర్లు లేచి ఊళ్ళ మీదకొచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు చాలామటుకు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రాణాలు పోయినవాళ్ళు పదివేల మందికి పైనే. పడిపోయిన చెట్లు రోడ్లకి అడ్డం. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. మేం కాలేజీ కుర్రాళ్ళం పదిమందిమి అవనిగడ్డ మీదుగా నడుచుకుంటూ దిగువకి వెళ్ళాం.

మొదటి మూడు రోజులు మేం చేసింది ఒక్కటే పని, గోతులు తవ్వడం. మనుషుల్నీ గొడ్లనీ పూడ్చాం. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, సున్నం చల్లుకుంటూ. ఇంతకు మించి దాని గురించి మీకు చెప్పను. మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావుగారు కూడా ఆ రోజుల్లో జనం మధ్యనే తిరుగుతూ పనిచేశారు. ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆయన పేరు చెప్పి దణ్ణం పెడతారు.

నాలుగో రోజునుంచి లారీలొచ్చాయి. ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో బట్టల మూటలు. ఆ మనసులు మంచివే, అందులో సందేహం లేదు. కానీ మూటలు విప్పితే స్వెట్టర్లు, చిరిగిన ప్యాంట్లు, జరీ ఊడిన పెళ్ళి చీరలు. పొలానికెళ్ళే ఆడమనిషి ఆ జరీ చీరేం కట్టుకుంటుంది? కరకట్ట పక్కన గుట్టలా పడి తడిసి, కంపు కొట్టాయి. చివరికి వాటిని తియ్యడానికి కూడా మేమే వెళ్ళాల్సొచ్చింది.

అక్కడ ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో అయిదారు కిలోల బియ్యం మూట, అంతకు ముందురోజు ఎవరో ఇచ్చింది. ముడి కూడా విప్పలేదు. "ఇంకా వండుకోలేదేం మామ్మా?" అన్నాను. నా మొహంలోకి చూసి, "దేంట్లో వండను బాబూ? నీళ్ళు దేంతో తెచ్చుకోను? బిందె ఉందా నీ దగ్గర?" అంది. గిన్నె లేదు, బిందె లేదు, పొడిగా ఉన్న అగ్గిపెట్టె లేదు. తాగే చెరువునిండా ఉప్పునీళ్ళు. బియ్యం మాత్రం ఉన్నాయి. మూడు రోజులుగా అటూ ఇటూ తిరుగుతున్న మా పదిమందిలో ఒక్కడు కూడా ఆ మాట అడగలేదు. మర్నాడు చల్లపల్లి వచ్చి ఇల్లిల్లూ తిరిగి బిందెలు, సత్తు గిన్నెలు, గరిటెలు అడిగి రెండెడ్ల బండి మీద వేసుకెళ్ళాం. బిందె చేతికివ్వగానే ఆవిడ దాన్ని చీర కొంగుతో తుడిచి గుండెకానించుకుంది. నలభై ఏడేళ్ళయింది, ఇంకా నా కళ్ళముందే ఉందది.

మీరు రెడ్‌క్రాస్ పేరు విన్నారుగా, దాని పుట్టుక కూడా ఇలాంటిదే. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఒక్కరోజులో చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిసి దాదాపు 40,000 మంది. హెన్రీ డ్యూనాంట్ అనే స్విట్జర్లాండ్ వ్యాపారి తన వ్యాపారం పనిమీద చక్రవర్తి మూడో నెపోలియన్‌ని కలవాలని అటు వచ్చాడు. పక్క ఊరు కాస్టిల్యోనేలో చర్చి నిండా గాయపడ్డ సైనికులు, చూసే డాక్టర్లేమో కొద్దిమంది. ఆయన డాక్టరు కాదు, సైనికుడూ కాదు. ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి, వీడు మనవాడా శత్రువా అని చూడకుండా అందరి గాయాలూ కడిగించాడు. వాళ్ళు "అందరూ అన్నదమ్ములే" అనుకుంటూ ఆ పని చేశారట. మీ ఈడు పిల్లలు బక్కెట్లతో, చెట్లకి నీళ్ళుపోసే క్యాన్లతో బావులకీ చర్చికీ మధ్య పరుగెత్తుతూ నీళ్ళు మోశారు. నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

ఇంకో సంగతి చూడండి. డ్యూనాంట్ తన బండివాణ్ణి బ్రెషియా పట్నానికి పంపి తెప్పించినవేమిటంటే నిమ్మకాయలు, పంచదార, చొక్కాలు, కట్టుగుడ్డలు, గాయాలు తుడిచే స్పాంజీలు, పిన్నీసులు, చివరికి పొగాకు. పక్కన కూర్చుని ఎవరికేం కావాలో తెలుసుకున్నవాడు తెప్పించే సరుకులవి. తర్వాత ఆయన రాసింది కూడా దయ గురించి మాత్రమే కాదు. యుద్ధం రాకముందే, అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడే ప్రతి దేశంలో కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి సిద్ధంగా ఉంచాలన్నాడు. దాన్నుంచే 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిలో సగం ఆయనకిచ్చారు.

నేర్చుకుని ఉండటం ఎంత అవసరమో 1971లో మన దేశంలోనే తెలిసింది. బంగ్లాదేశ్ శరణార్థులతో కిటకిటలాడుతున్న బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. నరాలకి ఎక్కించే సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, తినే సోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల చుట్టాల చేతే తాగించారు. మరణాలు బాగా తగ్గిపోయాయి. తల్లులూ అన్నలూ అక్కలే నర్సులయ్యారు. మీరూ నేర్చుకోండి: లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి, అంటే చెంచా అంచుకి సమంగా కొలవాలి. వరద తీశాక విరేచనాలు రావడం మామూలే, అప్పుడిది ప్రాణం నిలబెడుతుంది.

మా ఊరి సంగతి మీకు తెలిసిందేగా. 2014 నుంచీ తెల్లవారుజామునే కార్యకర్తలు చీపుర్లూ పారలూ పట్టుకుని వీధుల్లోకొస్తారు. డాక్టర్లూ రైతులూ పంతుళ్ళూ అందరూ ఉన్నారు వాళ్ళలో. ఎక్కడో ఉప్పెన రావాలని ఎదురు చూడరు. వాళ్ళతో నడిచిన రోజున నాకు ఒంట్లో ఇరవయ్యేళ్ళు తగ్గినట్టుంటుంది.

సరే, ఇక మీ మూటల సంగతి. సింగ్‌నగర్‌లో నీళ్ళు తీశాయి, ఇళ్ళలో బురద మిగిలింది. ఫైరింజన్లు పెట్టి కడుగుతున్నారు గానీ ప్రతి గది మూలకీ ఫైరింజను వెళ్ళదు. అక్కడ మీ అమ్మకి తెలిసిన టీచరమ్మ ఉందన్నారుగా, ఆవిడకి ఇవాళే ఫోన్ చెయ్యండి. "మేం ఫలానావి తెస్తున్నాం" అనొద్దు. "మీ వీధిలో ఏవేం లేవు, ఎంతమందికి?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. చీపుర్లంటారో, బ్లీచింగ్ పౌడరంటారో, తడిసిపోయిన ఆరో తరగతి పుస్తకాలంటారో. బట్టలే కావాలంటే ఉతికి, ఇస్త్రీ చేసి, కొలతల వారీగా సర్దండి. మీరు వేసుకోనని పక్కన పడేసే చొక్కా అందులో పెట్టకండి.

ఫోటోలు మాత్రం తియ్యొద్దు బుజ్జీ. బురదలో నిలబడ్డ మనిషికి ఆ పూట తన మొహం ఎవరూ చూడకూడదనే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఇక్కడి కొట్లో రెండు గట్టి చీపుర్లు, ఒక పార కొనిపెట్టాను. ఆ టీచరమ్మ చెప్పిన లిస్టు నేనొచ్చేసరికి రాసి ఉంచండి. బిందెలు కావాలంటే ఇంట్లో మూడున్నాయి, అవీ తెస్తాను.

మీ తాతయ్య