ఎనిమిది దేశాల యూరప్ టూర్: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్లిందంటే మా ఆఫీసులో యూరప్ ఫోన్లు మొదలవుతాయి. అమ్మానాన్నల్ని పంపిద్దామనుకునే పిల్లలు, రిటైర్‌మెంట్ డబ్బుతో ఒక్కసారైనా చూసొద్దామనుకునే దంపతులు. అందరిదీ మొదట ఒకటే ప్రశ్న: "పది రోజుల్లో ఎన్ని దేశాలు కవర్ చేస్తారండీ?" టూర్ మేనేజర్‌గా గ్రూపుల్ని వెంటబెట్టుకుని తిరిగే నాకు ఈ ప్రశ్న వింటేనే బెంగ. వాళ్ల లక్షలు, వాళ్ల మోకాళ్లు, వాళ్ల సెలవులు అన్నీ వృథా అయ్యేది ఇక్కడే.

అపోహ: దేశాలు ఎంత ఎక్కువైతే డబ్బు అంత గిట్టుబాటు.

వాస్తవం: ముందు ఆ లెక్క ఎలా కడతారో చూడండి. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి చూశారంటే వాటికన్ ఒక దేశం. స్విట్జర్లాండ్ నుంచి ఆస్ట్రియా వెళ్లే దారిలో వాడుజ్‌లో గంటసేపు బస్సు ఆపితే లీచెన్‌స్టైన్ ఇంకో దేశం. ఇన్స్‌బ్రుక్ దగ్గర క్రిస్టల్ షోరూమ్, రాత్రి బస, అదే ఆస్ట్రియా. బ్రోషర్‌లో ఎనిమిది జెండాలుంటాయి. తీరా మీరు కాలు పెట్టి తిరిగేది నాలుగు ఊళ్లు, అదీ పరుగున.

మిగతా సమయమంతా బస్సులోనే. పారిస్ నుంచి లూసర్న్ దాదాపు 600 కిలోమీటర్లు. అక్కడి టూరిస్టు బస్సులు గంటకు 100 దాటకుండా స్పీడ్ లిమిటర్ ఉంటుంది. నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు ఆపి తీరాలి, అది చట్టం. బస్సులోని టాకోగ్రాఫ్ అనే మీటరు ప్రతి నిమిషం రికార్డు చేస్తుంది. "ఇంకొంచెం లాగించమనండి సార్" అని నన్ను బతిమాలుతుంటారు. లాగిస్తే ఆయనకు భారీ జరిమానా. భోజనం, బాత్రూములు కలిపితే రోజు అయిపోయింది.

"ఈఫిల్ టవర్ లైట్లు చూపించలేదు, మోసం చేశారు" అని గొడవ పడేవాళ్లు కూడా ఈ లెక్క వినాలి. డ్రైవర్‌కు రోజులో మామూలుగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే పొద్దున 8కి బండి తీస్తే రాత్రి 9కల్లా ఆయన డ్యూటీ దిగిపోవాలి. జూన్‌లో పారిస్‌లో పొద్దుగూకేదే 10 గంటలకు. చీకటి పడ్డాక గంటకోసారి ఐదు నిమిషాలు టవర్ మెరుస్తుంది. ఆ సమయానికి మన గ్రూపు ఊరి బయట హైవే పక్కన హోటల్లో పడుకుని ఉంటుంది. చవక ప్యాకేజీల్లో హోటళ్లు ఉండేవి అక్కడే కాబట్టి సొంతంగా రావడానికి మెట్రో కూడా దగ్గర్లో ఉండదు. అదే హోటల్ ఊళ్లోనే ఉండి, పారిస్‌కు మూడు రాత్రులు ఇస్తే బస్సుతో పనేముంది? భోంచేసి, మెట్రో ఎక్కి, టవర్‌కు ఎదురుగా ఉండే ట్రొకాడెరోలో దిగి చూసి రావచ్చు.

ఒకావిడ సంగతి చెబుతాను. రాత్రి 9కి హోటల్ చేరడం, పొద్దున 6కి సూట్‌కేసు గది బయట పెట్టడం. ఐదో రోజుకి బస్సు ఎక్కగానే నిద్రలోకి జారుకునేది. చివరి రోజు ఎయిర్‌పోర్టులో కొడుకు వీడియో కాల్ చేసి, ఆవిడ పంపిన ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తూ "ఇదెక్కడమ్మా?" అన్నాడు. "ఏదో చర్చి నాన్నా... దిగాం, ఎక్కాం" అంది. అది ఫ్లోరెన్స్ డ్యువోమో. ఆ పిల్లాడు ఈఎంఐ కట్టి మరీ పంపాడు తల్లిని.

పది రోజులుంటే రెండు దేశాలు చాలు. స్విట్జర్లాండ్‌లో ఒకే ఊళ్లో, లూసర్న్‌లోనో ఇంటర్లాకెన్‌లోనో, నాలుగు రాత్రులు ఉండండి. ఇందులో ఇంకో లాభముంది. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రౌయోక్ అనే మంచుకొండ స్టేషన్‌కి ఇంటర్లాకెన్ నుంచి రానుపోను పూర్తి రైలు టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది. ప్యాకేజీలో తేదీ ముందే ఖాయం. ఆ రోజు మబ్బు పడితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, డబ్బు వెనక్కి రాదు. అదే మీ చేతిలో రెండు మూడు రోజులుంటే పొద్దున్నే ఫోన్‌లో శిఖరం మీది లైవ్ కెమెరా చూసి, తెరిపిగా ఉన్న రోజే టికెట్ కొంటారు.

అలా కుదురుగా ఉన్న గ్రూపులో కాజీపేట నుంచి వచ్చిన రిటైర్డ్ లోకో పైలట్ గారొకాయన ఉన్నారు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. వచ్చేముందు ఆ దిగులుతోనే నాకు ఫోన్ మీద ఫోన్. లూసర్న్‌లో ఒక రోజు ఖాళీగా వదిలాం. పాడిల్ స్టీమర్‌లో, అంటే పక్క చక్రాలతో నడిచే ఆవిరి పడవలో, విట్స్‌నావు ఊరికి వెళ్లి, అక్కడ రీగి కొండ రైలు ఎక్కాం. 1871లో మొదలైన ఆ లైను యూరప్‌లో మొట్టమొదటి కొండ పళ్ల రైలు, అంటే పళ్ల చక్రంతో పట్టాల మధ్య పట్టీని పట్టుకుని ఎక్కే రైలు. స్టీమర్లోనే ఆయన ఇంజన్ గది దగ్గర నిలబడిపోయారు. అది పైనుంచి కనిపించేలా తెరిచే ఉంటుంది. రీగి స్టేషన్లో పట్టాల మధ్య నిచ్చెనలా పరిచిన ఇనుప మెట్ల దగ్గర వంగి చూసి, "మన నీలగిరి రైలుకీ పళ్లున్నాయి బాబూ, కానీ అది వేరే రకం, పక్కపక్కన రెండు పళ్ల పట్టీలుంటాయి" అన్నారు. నిజమే, అది ఆప్ట్ పద్ధతి, ఇది రిగెన్‌బాక్ పద్ధతి. కాసేపట్లో రైలు డ్రైవర్ దిగొచ్చాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఈయన బ్రేకు పట్టినట్టు చెయ్యి తిప్పి చూపించారు, అతను క్యాబ్‌లోకి రమ్మని సైగ చేశాడు. పైన 1,798 మీటర్ల ఎత్తులో అందరూ ఆల్ప్స్ కొండలతో ఫొటోలు దిగుతుంటే ఈయన భార్యకు ఆ బ్రేకుల సంగతే చెబుతున్నారు. ఆవిడ నవ్వుతూ వింటోంది. "భాష రాకపోతే ఎలా?" అని ఎవరడిగినా నాకు ఆయనే గుర్తొస్తారు. ఊళ్లు తెలుసుకునేంత సమయం ఇస్తే చాలు, భాష అంత అడ్డం కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఏ దేశం త్వరగా ఇస్తే అక్కడ షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) తీసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు." వాట్సాప్‌లో తిరిగే ఈ మాట నమ్మి ఫైళ్లు పాడు చేసుకోకండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో అక్కడే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ఆ వీసా లండన్‌కు పనికిరాదు.

"పచ్చళ్లన్నీ లాగేసుకుంటారు." ఆవకాయ, గోంగూర, కారప్పొడులు నిశ్చింతగా చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకోండి. చికెన్ పచ్చడి, పాలకోవా మాత్రం వద్దు. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తేవడం ఐరోపా సమాఖ్యలో నిషేధం. కరివేపాకు లాంటి పచ్చి ఆకులూ వద్దు. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి పోపు వేయకండి. స్మోక్ అలారం మోగితే హోటలంతా ఖాళీ చేయిస్తారు. వేళకు తినాల్సిన షుగర్ ఉన్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. గదిలో కెటిల్ ఉందో లేదో ముందే అడగండి, వేడినీళ్లతో అయ్యే ఉప్మా ప్యాకెట్లు తెచ్చుకోండి, మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే ఉంచండి.

"నీళ్ల సీసాలకే బోలెడవుతుంది." రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారే నాసోని కుళాయిలవి మంచినీళ్లే. స్విస్ ఊళ్లలోని ఫౌంటెన్లవీ అంతే, తాగొద్దని బోర్డుంటే తప్ప. ఖాళీ సీసా పట్టుకెళ్లండి.

"కార్డు గీకితే రూపాయల్లో పడటమే మంచిది." కాదు. మెషిన్ రూపాయలా, యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి, స్విట్జర్లాండ్‌లో అయితే ఫ్రాంకులు. రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన రేటే మీకు పడుతుంది.

"టీసీఎస్ (విదేశీ టూర్ ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను) కింద కట్టింది పోయినట్టే." పోదు. మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోండి. తల్లిదండ్రుల టూర్‌కి మీరు డబ్బు కడుతుంటే, అది ఎవరి పాన్ మీద జమవుతుందో బుకింగ్ రోజే అడిగి రాయించుకోండి. దాంతోపాటు రోజువారీ బస్సు గంటలు, ప్రతి హోటల్ పేరు, అడ్రసు కూడా కాగితం మీద అడగండి. "దగ్గర్లోనే ఉంటుందండీ" అని దాటేస్తే అడ్వాన్స్ కట్టకండి.