ఇంజిన్ లైట్ వెలిగితే సెన్సార్ పోయినట్టేనా?

బండి షెడ్డులోకి రాకముందే చాలామంది ఫోన్‌లో కోడ్ (బండిలోని కంప్యూటర్ వేసుకునే లోపం నంబరు) చూసుకుని వస్తున్నారు. "అన్నా, సెన్సార్ పోయిందంట, మార్చెయ్" అంటారు. మార్చడం ఐదు నిమిషాల పని. లైట్ మళ్లీ వెలిగితే మాట పడేది మాత్రం నేనే.

అపోహ: ఏ పార్టు పోయిందో కోడ్ చదివే స్కానర్ చెప్పేస్తుంది.

వాస్తవం: అది చెప్పేది కంప్యూటర్‌కు ఎక్కడ లెక్క తప్పిందో అంతే. ఒక మే నెలలో పీ0113 కోడ్‌తో ఒక కారు వచ్చింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని కొలిచే సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని దానర్థం. అప్పటికే వేరే చోట్ల రెండు కొత్త సెన్సార్లు వేయించారు. లైవ్ డేటా (సెన్సార్లు అప్పటికప్పుడు చూపే రీడింగులు) తెరిస్తే గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు! బయట చూస్తే బానెట్ మీద చెయ్యి పెట్టలేని ఎండ.

ఈ సెన్సార్‌లో చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, పెరుగుతుంది. వైరు తెగితే కరెంటుకు దారే ఉండదు కాబట్టి కంప్యూటర్ దాన్ని గడ్డకట్టే చలి అనుకుంటుంది. కొత్త సెన్సార్లు రెండూ ఒకేలా చెడిపోవు కదా. కనెక్టర్ ఊడదీసి, రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపాను. వైరింగ్ బాగుంటే రీడింగ్ వంద డిగ్రీలు దాటాలి. మైనస్ 40 దగ్గరే ఉండిపోయింది. టేపు విప్పుకుంటూ పోతే బ్యాటరీ ట్రే కింద ఎలుక కొరికిన చోటు దొరికింది. (ఈ చిట్కా రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్‌కే. మూడు వైర్లున్న చోట చేస్తే 5 వోల్టుల సప్లైనే షార్ట్ చేసే ప్రమాదం ఉంది.)

అపోహ: కోడ్ చెరిపేస్తే సరిపోతుంది.

వాస్తవం: కోడ్ పడినప్పుడు బండి వేగమెంత, ఇంజిన్ వేడెంత, లోడెంత అన్నది కంప్యూటర్ దాచుకుంటుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ పీకినా చాలా బండ్లలో అంతే. "చూపించే ముందు నేనే క్లియర్ చేశా" అని నవ్వుతూ చెప్పేవాళ్లను ఏమనాలో తెలియదు. ముందు స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి.

అపోహ: ఒకేసారి పది కోడ్‌లు పడితే కంప్యూటరే పోయింది.

వాస్తవం: నేనైతే ముందు మల్టీమీటర్ తీస్తాను. నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే స్టీరింగ్, ఏబీఎస్, ఇంజిన్ అన్నీ తలో కోడ్ వేసుకుంటాయి. తుప్పు పట్టిన ఎర్త్ వైరు కూడా ఇదే గోల చేస్తుంది. నిజంగా కంప్యూటర్ చెడిన కేసులు నా చేతికి అరుదుగానే వచ్చాయి.

అపోహ: కోడ్‌లను ఫోన్‌లో చూపే చవక బ్లూటూత్ అడాప్టర్ దండగ.

వాస్తవం: ఇంజిన్ కోడ్‌లకు, లైవ్ డేటాకు సరిపోతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలావాటికి అందవు. అడాప్టర్ తగిలించే పోర్టులో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి, బండి వారాల తరబడి కదలకపోతే అడాప్టర్ పీకేయండి.

అపోహ: బండి నడుస్తోందిగా, లైట్ వెలిగితే వెలగనీ.

వాస్తవం: నిలకడగా వెలిగే లైటుకు, బండిలో తేడా ఏమీ లేకపోతే, టెన్షన్ లేకుండా షెడ్డు దాకా రావచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం పక్కకు తీసి ఆపండి. ఇంజిన్ మిస్ కొడుతోంది, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండట్లేదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి జాలీ కరిగిపోతుంది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఖర్చుతో పోయేది కన్వర్టర్ దాకా పోతుంది.

పీ0302 పడితే రెండో సిలిండర్ మిస్ అవుతోందని అర్థం. విడివిడి కాయిల్స్ ఉన్న బండైతే రెండో దాన్ని, మూడో దాన్ని అటూఇటూ మార్చి నడపండి. కోడ్ పీ0303గా మారితే కాయిల్ పోయింది. పీ0302 గానే ఉంటే కాయిల్ జోలికి పోకండి, ప్లగ్గు విప్పి చూడండి.